చివరి బండి గురించి ముందుగా ఆలోచించిన వారికి

మోటారు సైకిళ్ల మీద మా కొండదారి ప్రయాణం పూర్తయింది. బయలుదేరిన వాళ్లందరం క్షేమంగా ఇళ్లకు చేరాం. ఈ మాట ఇంత నిశ్చింతగా రాయగలుగుతున్నానంటే దాని వెనుక కొందరి శ్రమ ఉంది. పేర్లు బయట పెట్టవద్దని వాళ్లు గట్టిగా చెప్పారు. అందుకే పేర్లు లేకుండా, వాళ్లు చేసిన మేలు మాత్రం వివరంగా చెప్పి కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ముందుగా పెద్దన్నయ్యకు. మేమంతా ఆయనను పిలిచే పిలుపు అదే. పన్నెండు బండ్లతో ఘాట్ రోడ్ల మీదుగా దూరప్రయాణం అనుకుంటున్నాం, ఎలా వెళ్లాలో చెప్పండి అని అడిగితే ఆయన దారి గురించి మాట్లాడనే లేదు. “మీలో అందరికన్నా నెమ్మదిగా నడిపేది ఎవరు? అందరికన్నా చిన్న ట్యాంకు ఎవరిది?” అని అడిగారు. పథకమంతా ఆ రెండు ప్రశ్నల మీదే నిలబడింది. బాగా నడిపేవాళ్లు ఎలాగూ వెళ్లగలరు, వెనకబడే మనిషికి సరిపడేలా ప్రయాణాన్ని అమర్చాలి అన్నది ఆయన పట్టుదల. నాకు దారులు తెలుసు, మలుపులు తెలుసు, కానీ గుంపును ఆ వైపు నుంచి చూడటం నేర్పింది ఆయనే.

మొదట గుంపును రెండుగా విడదీశారు, ఆరేసి బండ్ల చొప్పున. ఏడుకు మించితే ముందు నడిపేవాడికి అద్దంలో చివరి బండి కనిపించదని, మన వరుసను దాటాలనుకున్న కారుకు చోటు దొరకదని చెప్పారు. ఆ తరువాత ఇంధనం. చిన్న ట్యాంకు బండి పది లీటర్లది. లీటరుకు 35 కిలోమీటర్లు వస్తుంది కాబట్టి 350 కిలోమీటర్లకు ఢోకా లేదని ఆ బండి యజమాని ధీమాగా ఉన్నాడు. పెద్దన్నయ్య మ్యాపు మీద 200 దగ్గర గీత గీశారు. ఎక్కుడు దారిలో రెండో గేరులోనో మూడో గేరులోనో లాగుతున్నప్పుడు ఆ మైలేజీ రాదు, పైగా కొండమీద బంకు మూసి ఉందని తెలిసేది అక్కడికి వెళ్లాకే. ఆ గీత లోపలే అందరూ ట్యాంకులు నింపుకోవాలి, నిండుగా ఉందనుకున్నవాళ్లు కూడా.

సమయం లెక్క ఇంకా కఠినంగా వేశారు. మా మ్యాపు 180 కిలోమీటర్ల దారికి నాలుగు గంటలు చూపించింది. ఆయన గంటకు 30 కిలోమీటర్ల చొప్పున ఆరు గంటలు వేసి, ఆగిన ప్రతిచోటుకూ అరగంట కలిపారు. ఒక్క మనిషి పది నిమిషాలు ఆగితే సరిపోతుంది, కానీ ఆరుగురు హెల్మెట్లు తీసి, నీళ్లు తాగి, మళ్లీ చేతి తొడుగులు వేసుకునేసరికి అరగంట గడిచిపోతుంది. కొండల్లో పొద్దు ముందే వాలుతుంది, లోయలోకి దిగేసరికి నీడ కమ్మేస్తుంది. అందుకే సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు బస చేరాలన్నది ఆయన నియమం. ఆ నియమాన్ని ఎంత బతిమాలినా సడలించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మొండితనానికే ఎక్కువ రుణపడి ఉన్నాం.

చలి గురించి చెప్పిన తీరు కూడా మరిచిపోలేను. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ దాదాపు ఆరున్నర డిగ్రీల ఉష్ణోగ్రత తగ్గుతుంది. కింద 30 డిగ్రీలు ఉంటే, రెండు వేల మీటర్లు ఎక్కేసరికి 17 అవుతుంది, దానికి ఎదురుగాలి తోడు. వేళ్లు కొయ్యబారితే బ్రేకు లివరు మీద పట్టు ఆలస్యమవుతుంది. కాబట్టి వెచ్చని కోటు, రెండో జత తొడుగులు బ్యాగు అడుగున కాకుండా పైన ఉండాలన్నారు. ఆ మాట విన్నవాళ్లు రోడ్డు పక్కన సామాను మొత్తం విప్పాల్సిన అవసరం రాలేదు.

తరువాత మా మెకానిక్ మిత్రుడికి. బయలుదేరే ముందు వారాంతం మొత్తం మా బండ్ల కిందే గడిపాడు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూశాడు, గొలుసుల బిగువు చూశాడు, అన్నిటికన్నా ఎక్కువ సేపు బ్రేకుల దగ్గర కూర్చున్నాడు. బ్రేకు ద్రవం రంగు ముదిరి గోధుమ రంగులోకి తిరిగిన బండ్లన్నిటికీ మార్చేశాడు. ఎందుకింత హడావుడి అని ఒకరు అడిగితే ఓపికగా చెప్పాడు. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకూ మరగకూడదన్నది ప్రమాణం. అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. తేమ పట్టిన ద్రవానికి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. దిగుడు దారిలో బ్రేకు పట్టుకునే దిగితే డిస్కులు కాలిపోతాయి, ఆ వేడికి ద్రవం మరిగి బుడగలు పుడతాయి, లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది కానీ బండి ఆగదు. అందుకే ఏ గేరులో ఎక్కుతామో దాదాపు ఆ గేరులోనే దిగాలి, ఇంజను బండిని పట్టి ఉంచాలి, బ్రేకును మలుపుకు ముందు గట్టిగా వేసి వదిలేయాలి. పొడవైన ఆ దిగుడులో మా వాళ్లలో ఒక్కరికి కూడా లివరు మెత్తబడలేదు. నువ్వు డబ్బు తీసుకోలేదు, కనీసం ఈ కృతజ్ఞతలైనా తీసుకో తమ్ముడూ.

ఇక అక్క గురించి. మొదటి నుంచి చివరి దాకా చివరి బండి నడిపింది ఆవిడే. మాలో అందరికన్నా అనుభవం ఉన్న మనిషి, ముందుండి నడిపించమని అడిగితే ఒప్పుకోలేదు. గుంపు ప్రయాణంలో తోక భాగం రబ్బరు బ్యాండులా సాగుతుంది. ముందున్నవాడు మలుపు దాటి కాస్త వేగం పెంచితే, వెనకవాడు ఆ ఖాళీని పూడ్చడానికి ఇంకా ఎక్కువ వేగం పెంచాలి, ఆరోవాడు దాదాపు పరుగులు పెట్టాలి. కొత్తవాళ్లను వెనక ఉంచితే ఆ పరుగు వాళ్ల మీద పడుతుంది. అందుకని కొత్తవాళ్లను ముందు బండికి సరిగ్గా వెనకే పెట్టి, ఆ పరుగును తన మీద వేసుకుంది అక్క. తిన్నని రోడ్డు మీద మేం అటొకరు ఇటొకరుగా, పక్క వరుసలో ముందున్న బండికి ఒక సెకను, మన వరుసలో ముందున్న బండికి రెండు సెకన్లు దూరంలో వెళ్లాం. మలుపులు మొదలవగానే ముందు నడిపేవారు చూపుడువేలు పైకెత్తేవారు, అందరం ఒకే వరుసలోకి వచ్చేవాళ్లం. మలుపులో ఎవరి దారి వాళ్లు ఎంచుకోవడానికి రోడ్డులో మన సగం పూర్తిగా మనకే కావాలి.

అక్క అసలు విలువ తెలిసింది ఎక్కుడు దారిలో ఒక బండి క్లచ్ కేబుల్ తెగినప్పుడు. లివరు దగ్గర, కేబుల్ చివరనుండే చిన్న లోహపు బిళ్ల మొదట్లోనే తీగలు ఒక్కొక్కటిగా చిట్లి ఉన్నాయి. అక్క ఆ బండిని మలుపులో ఆపనివ్వలేదు. మలుపు దాటించి, రెండు వైపుల నుంచీ కనిపించే వెడల్పు చోటుకు తోయించింది. వెనకటి మలుపుకు అవతల, వచ్చే వాహనాలకు ముందే కనబడేలా, మెరిసే కోటు తొడిగి ఒకరిని నిలబెట్టింది. అప్పుడు బ్యాగు విప్పింది. గాలి పంపు, పంక్చర్ సామాను, ప్రథమ చికిత్స పెట్టె, అందరి రక్తవర్గాలు, ఇంటి ఫోను నంబర్లు రాసిన కాగితం, వాటి కింద చుట్టి పెట్టిన సరికొత్త కేబుల్. ఆ బండి నమూనాకు సరిపోయేదే. బయలుదేరే ముందు ఏ బండికి ఏ కేబుల్ పడుతుందో ఆవిడ ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది. కొత్త కేబుల్‌కు నూనె పట్టించి, బిగించి, లివరుకు కాస్త వదులు ఉంచి, రెండుసార్లు నొక్కి చూసి “పదండి” అంది.

ఇక్కడ ఒకరికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దారి చీలే ప్రతిచోటా పెద్దన్నయ్య ఒక పద్ధతి పెట్టారు. ముందు నడిపేవారు చెయ్యి చూపించగానే రెండో బండి అక్కడ ఆగాలి. వెనక వచ్చేవాళ్లందరికీ దారి చూపిస్తూ, చివరి బండి వచ్చేదాకా కదలకూడదు. అది వచ్చాక దానికి ముందు వరుసలో కలవాలి. చివరి బండి ఎప్పుడూ ఒకరే, ముందు బండి ఎప్పుడూ ఒకరే, మధ్యలో వాళ్లు మారుతూ ఉంటారు. ఫోనుల అవసరం లేదు, ముందువాళ్లను అందుకోవాలన్న తొందర లేదు. కేబుల్ తెగిన సమయంలో పైన చీలిక దగ్గర ఆగి ఉన్నది మాలో అందరికన్నా చిన్నవాడు. అక్కడ ఫోనుకు సిగ్నల్ లేదు, మబ్బు పట్టింది, చినుకులు కూడా మొదలయ్యాయి. ముందు వెళ్లిన వాళ్లు కనుమరుగయ్యారు, వెనక వాళ్ల జాడ లేదు. అయినా అతను కదలలేదు. మేం మలుపు తిరిగేసరికి వర్షపు కోటు తొడుక్కుని, బండి పక్కన నిలబడి, చేత్తో ఎడమవైపు దారి చూపిస్తున్నాడు. నాన్నా, నువ్వు కాస్త ముందుకు వెళ్లి చూద్దామనుకుని ఉంటే మేం కుడివైపు దారిలో వెళ్లిపోయేవాళ్లం. అటు వెళ్తే పెట్రోలు బంకు లేదు, వెలుతురు కూడా ఎంతోసేపు ఉండేది కాదు. నీకు ధన్యవాదాలు చెప్పడానికి ఆ రోజు నాకు మాట రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నడిపిన మిత్రుడికీ నా నమస్కారం. నచ్చిన వేగంతో వెళ్లే సత్తా ఉన్న మనిషి, అద్దంలో రెండో బండిని చూస్తూ ఆ బండి వేగానికే తనను కట్టేసుకున్నాడు. మలుపు లోపలి అంచున కంకర కనిపించిన ప్రతిసారీ కాలు చాచి చూపించాడు. మీ కంటికి కనిపించే రోడ్డులో ఆగగలిగేంత వేగమే మీ వేగం, చూపు మలుపు చివరికి ఉండాలి కానీ లోయ అంచున ఉండకూడదు అని బయలుదేరే ప్రతి ఉదయం కొత్తవాళ్లకు చెప్పాడు. విసుగు పడకుండా చెప్పాడు.

ఇరుకు దారిలో లారీ పక్కకు ఆపి, ఎదురుగా ఏమీ రావడం లేదని చెయ్యి ఊపిన డ్రైవర్లకు, దిగుతూ ఎదురై ఎక్కే మాకు దారి వదిలినవాళ్లకు ధన్యవాదాలు. మీకు ఇది చేరదని తెలుసు. రోజూ సాయంత్రం మా సందేశం కోసం ఎదురుచూసి, కాస్త ఆలస్యమైనా కంగారు పడకుండా, అనుకున్న గంట దాటితే ఎవరికి ఫోను చేయాలో రాసుకున్న కాగితాన్ని దగ్గర పెట్టుకున్న ఇంటివాళ్లకు కూడా.

పెద్దన్నయ్య వేసిన పథకాన్ని ఆయన అనుమతితో శుభ్రంగా తిరగరాశాను. ఆగే చోట్లు, గుంపు మళ్లీ కలిసే చోట్లు, ఇంధనం గీత, ఎవరి తరువాత ఎవరు అన్న వరుస, అక్క బ్యాగులోని సామాను జాబితా అన్నీ ఉన్నాయి. అక్క చెప్పిన మీదట ఒక్కటి చేర్చాను: చీలిక దగ్గర ఆగేవారి దగ్గర వర్షపు కోటు, నీళ్ల సీసా తప్పనిసరిగా ఉండాలి. కొండదారికి గుంపుగా వెళ్లాలనుకునేవాళ్లు ఎవరు అడిగినా పంపిస్తాను. మీ బండ్లలో చిన్న ట్యాంకు ఎవరిదో, మీలో కొత్తవారు ఎందరో రాయండి, అందుకు తగ్గట్టు ఆ గీత ఎక్కడ పెట్టాలో పెద్దన్నయ్యను అడిగి చెబుతాను.