ఓబులేసుకు, చింతగింజ సంగతి

కడప
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ ఓబులేసూ,

తిట్టాలనుంటే ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం టీవీ పక్కనే ఉంది, రోజూ నన్ను చూస్తూనే ఉంది. పరీక్షలు, పేపర్లు దిద్దడం, ఇంట్లో నాయన పని, వీటి మధ్య ఆలస్యమైపోయింది, ఏమనుకోవద్దు. అందరం బాగున్నాం. పాప బైపీసీలో చేరింది. ఎండల గురించి కడపోడికి నేను చెప్పేదేముంది. మీ వీధి చివర కారం దోసెల బండి ఇంకా ఉంది, దోసె మాత్రం చిన్నదైంది. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

నాయన కుడిచేత్తో చింతగింజ తీశాడురా!

ఫోన్లో చెబితే "ఓహో, అంతేనా" అంటావు. అందుకే కూర్చోబెట్టి చదివిస్తున్నా. పక్షవాతంతో కుడి పక్క పడిపోయిందని నీకు తెలుసు కదా. కాలు కొంచెం నయం, వాకర్ పట్టుకుని వరండా దాకా వస్తాడు. చెయ్యే మొండికేసింది. సర్వీసంతా బస్సులో టికెట్లు కొట్టిన చెయ్యి. (నీ రూపాయిన్నర చిల్లర ఎగ్గొట్టిన చెయ్యి కూడా అదే. టికెట్ వెనకాల రాసిచ్చాడుగా, దాచావా పారేశావా?)

రోజు మార్చి రోజు ఒక ఫిజియో అమ్మాయి వస్తుంది. ప్లాస్టిక్ కోన్లు ఒకదాని మీద ఒకటి పెట్టమంటుంది, మెత్తటి బంతి పిసకమంటుంది. నాయన గోడవైపు తిరుగుతాడు. మాట ముద్దగా వస్తుంది కదా, అయినా "ఇవి అంగనవాడిలో పెట్టుకోమ్మా" అన్నది మాత్రం మా అందరికీ అర్థమైంది. ఒక రాత్రి అమ్మతో ఈ చెయ్యి కోసేయమని చెప్పాడట. సరే, అది వదిలేయ్.

ఆ అమ్మాయి వదల్లేదు. "పెద్దాయనకు ఏ ఆట ఇష్టం?" అంది. నాయన పలకలేదు. వంటింట్లోంచి అమ్మ అరిచింది: "పులిజూదం! దానికోసం పెండ్లినాడు ముహూర్తం కూడా మర్చిపోయినాడు!"

అంతే. వరండా బండ మీద నేనే సుద్దముక్కతో గడులు గీశాను. సోడా మూతలు మూడు పులులు, చింతగింజలు 15 మేకలు. పులులు నాయనవి, మేకలు ఖాదర్ మామవి. ఆ అమ్మాయి నాయన ఎడమచేతికి వేడి గిన్నెలు దింపే గ్లవ్వు తొడిగింది. బాగున్న చేతిని కట్టేస్తే పడిపోయిన చెయ్యి పనిలోకి దిగక తప్పదట. షరతు ఒక్కటే. పులి మేకను తింటే ఆ గింజను కుడిచేతి వేళ్ళతో తీయాలి. తీయలేకపోతే మేక మళ్ళీ బతికినట్టే.

మొదట్లో చూడలేకపోయేవాణ్ణి. సోడా మూతను పిడికిలి పక్కతో నెట్టేవాడు. గింజ దగ్గరికొచ్చేసరికి బొటనవేలు అడ్డంగా వచ్చేది కాదు. గింజను బండ అంచు దాకా ఈడ్చుకొచ్చి ఒళ్ళో పడేసుకునేవాడు. "తీయలేదు కదా, చెల్లదు" అనేది ఆ అమ్మాయి. మేక బతికేది.

ఖాదర్ మామకు జాలి ఎక్కువైంది. ఒకరోజు మేకను తెచ్చి సరిగ్గా పులి నోటి ముందు పెట్టాడు. నాయన బండ వైపు చూశాడు, మామ వైపు చూశాడు. "దొంగాట!" అన్నాడు. ముద్ద లేదు, తడబాటు లేదు, బస్సు వెనక సీటు దాకా వినపడే పాత గొంతు! అని కుడిచేత్తో బండను ఒక్క ఊపున ఊడ్చేశాడు. మేకలన్నీ తులసికోట దగ్గర పడ్డాయి. నేను ఎగిరి గంతేశా. ఖాదర్ మామ "వాడు నన్ను కొట్టబోయినాడు, చూసినావా!" అని ఏడవలేక నవ్వలేక కూర్చున్నాడు.

ఫిజియో అమ్మాయి మాత్రం సంతోషించలేదు. "కోపంలో భుజం లేస్తుంది సార్, నాకు వేళ్ళు కావాలి" అంది. తర్వాత మామకు గట్టిగా పెట్టింది: కావాలని ఓడొద్దు, ప్రతిసారీ గెలవనూ వద్దు, గెలుస్తానో లేదో పెద్దాయనకు తెలీకూడదు. ఎందుకమ్మా అంటే "డోపమైన్ సార్, మీరు బయాలజీ చెబుతారు కదా" అంది. చెబుతాను సరే, పార్కిన్సన్ జబ్బు దగ్గర ఒక వాక్యం చెప్పి దాటేస్తాను. ఆ రాత్రి కూర్చుని చదివా.

ఏంటంటే, డోపమైన్ అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే ఒక రసాయనం. మధ్యమెదడులో దాన్ని తయారుచేసే కణాలున్నాయి. అనుకోని లాభం దొరికినప్పుడు అవి ఒక్కసారిగా చురుగ్గా పనిచేస్తాయి. దొరుకుతుందని ముందే తెలిసినదానికి అంతగా కదలవు. వాటి తీగలు కొన్ని చేతుల్ని కాళ్ళను కదిలించే మెదడు పొర దాకా వెళ్తాయి. 2011లో ఎలుకల్లో ఆ దారిని తెంచి చూశారు. ముందుకాలితో మేత అందుకునే కొత్త విద్య వాటికి ఒంటబట్టలేదు. ముందే నేర్చుకున్న పని మాత్రం పోలేదు! ఆ పొరలోకే లెవోడోపా (పార్కిన్సన్‌కు వాడే మందు, మెదడులో డోపమైన్‌గా మారుతుంది) ఎక్కిస్తే మళ్ళీ నేర్చుకోసాగాయి. పక్షవాతం తర్వాత చెయ్యి మళ్ళీ నేర్చుకోవడమే కదా పని. నాయన కోన్లను ఎందుకు లెక్కచేయలేదో అప్పుడు తోచింది, వాటిలో అనుకోని గెలుపేముంది?

మా బావమరిది ఊరుకుంటాడా? "అట్లయితే పార్కిన్సన్ మాత్రలే వేద్దాం బావా" అని మొదలుపెట్టాడు. అదీ కాకపోతే దూలగొండి పొడి అట! అవున్రా, ఒంటికి తగిలితే దురద పుట్టించే అదే దూలగొండి. డ్రిల్లు సారు కుర్చీ. మిగతాది రాయను, ఈ ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది. ఆ గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే, 1937లోనే మద్రాసులో దాన్ని వేరుచేశారు. ఇంత చరిత్ర ఉన్న మొక్కతో మనం చేసిన పని చూడు.

న్యూరో డాక్టరు మాత్రం వద్దన్నాడు. 2001లో జర్మనీలో 53 మందికి ఫిజియోథెరపీతో పాటు రోజుకు 100 మిల్లీగ్రాముల లెవోడోపా ఇస్తే బాగా కోలుకున్నారని తేలింది, అందరూ ఆశపడ్డారు. 2019లో బ్రిటన్‌లో 593 మంది మీద చూస్తే నడకలో తేడా ఏమీ లేదు. ఈమధ్య స్విట్జర్లాండ్‌లో 600 మందికి పైగా చూశారు, అక్కడా అంతే. పైగా వాంతులు, లేచి నిలబడితే బీపీ పడిపోవడం. నాయనకు బీపీ మాత్రలున్నాయి, కిందపడితే ఇంకేమైనా ఉందా. పొడి అయితే ఎంత మందు లోపలికి పోతుందో కొలతే ఉండదు.

నాకు తోచింది చెప్తా, డాక్టరు అన్నది కాదు. మాత్ర పదును తెస్తుందేమో గానీ అదును తేలేదు. గింజ వేళ్ళకు చిక్కిన ఆ క్షణానే డోపమైన్ రావాలి. రోజంతా ఉంటే ఏం లాభం?

నిన్న సాయంత్రం. ఖాదర్ మామ నిజంగానే ఆడుతున్నాడు, రెండు పులుల్ని కట్టేశాడు. మూడోదానికీ దారి లేదనుకున్నాం. నాయన చాలాసేపు చూసి మూలనుంచి దూకించాడు, ఎవరికీ కనపడని దూకుడు! మామ నోరు తెరిచేశాడు. ఇప్పుడు గింజ తీయాలి. మొదటిసారి జారింది. చూపుడువేలితో అదిమి నిలబెట్టాడు. బొటనవేలు వణుకుతూ అడ్డంగా వచ్చింది, గోరు గింజ కిందికి దూరింది. లేపాడు. జానెడెత్తు లేపి, ఎవరివైపూ చూడకుండా, ఖాదర్ మామ టీ గ్లాసులో వేశాడు! అమ్మ ఏడ్చింది, వెంటనే గ్లాసు పాడుచేశావని తిట్టింది. ఈసారి ఫిజియో అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది.

అద్భుతం అనుకోకు. చొక్కా గుండీ ఇంకా రాదు. స్పూను సగం దారిలో ఒలుకుతుంది.

ఇంకోటి, ఇదే అసలు నీకోసం. మీ చిన్నబావ వెన్నెముక దెబ్బ గురించి రాశావు, నీరసంగా పడుంటాడని, వ్యాయామమంటే విసుక్కుంటాడని. 2015లో జపాన్ వాళ్ళు కోతుల మీద చూశారు. వెన్నుపాములో చేతికెళ్ళే ఒక్క దారినే తెంచారు, మిగతాది ఉంచారు. కోలుకునే తొలిరోజుల్లో, డోపమైన్ అందుకుని మెదడుకు హుషారు పుట్టించే భాగాన్ని మొద్దుబారిస్తే వేళ్ళు మళ్ళీ తడబడ్డాయి. పూర్తిగా కోలుకున్నాక మొద్దుబారిస్తే ఏమీ కాలేదు. అంటే మొదట్లో ఉత్సాహమే ఆ చేతిని... నువ్వు ముందు రిపోర్టు చూడు. దెబ్బ పూర్తిగా తెగిందని రాశారా, కొంత మిగిలిందని రాశారా? కొంత మిగిలి ఉంటే ఆయనకేం ఇష్టమో మీ అక్కను అడుగు, క్యారమో పేకో. పూర్తిగా అయితే ఇది వేరే కథ, అప్పుడు నేను

ఖాదర్ మామ వచ్చేశాడు, గేటు కొడుతున్నాడు. అమ్మ పొద్దున బండలు కడిగేసింది, గడులు మళ్ళీ గీయాలి, సుద్దముక్క పాప ఎక్కడ పెట్టిందో. రిపోర్టు సంగతి వెంటనే రాయి.

సుబ్బు