డెవ్‌కిట్ ఎంతవుతుందని అడిగినవాళ్లకు

తమ్మీ, ప్లేస్టేషన్, స్విచ్ డెవ్‌కిట్లు, అంటే గేములు తయారుచేసి పరీక్షించే ప్రత్యేక మిషన్లు, షాపులో దొరికేవి కావు. సోనీ, నింటెండో మనల్ని డెవలపర్‌గా ఒప్పుకోవాలి, గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టాలి, అప్పుడే ఇస్తారు. ఆ టెన్షన్ ఇప్పుడు మనకెందుకు?

గేమ్‌బాయ్‌తో మొదలుపెట్టండి. నింటెండో వాళ్ల 1989 నాటి చేతి గేమ్ మిషన్, 160×144 తెర, 8 కేబీ వర్క్ ర్యామ్. దానికి గేములు రాసే సాఫ్ట్‌వేర్ కిట్ జీబీడీకే ఉచితం. సీ భాషలో రాసి, పాత ల్యాప్‌టాప్‌లోనే ఎమ్యులేటర్ (గేమ్‌బాయ్‌లా పనిచేసే ప్రోగ్రామ్) మీద నడిపించొచ్చు. ర్యామ్ ఇంత తక్కువుంటే ప్రతి బైటూ లెక్కపెట్టడం దానంతట అదే అలవాటవుతుంది.

చేతిలో హార్డ్‌వేరే ఉండాలంటే రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, దానికి వైర్లతో తగిలించే చిన్న ఎస్‌పీఐ తెర, కొన్ని బటన్లు చాలు. పికోలో 264 కేబీ ర్యామ్, గేమ్‌బాయ్ ముందు రాజభోగమే! ఇంట్లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉన్నోళ్లు డెవ్ మోడ్ చూడండి, మనం రాసిన గేమును అందులోనే నడిపించి చూసుకునే సెట్టింగ్ అది.

ఆదివారం హన్మకొండలో కలుద్దాం. సోల్డరింగ్ ఐరన్ నేను తెస్తా, బ్రెడ్‌బోర్డు (సోల్డర్ చేయకుండా వైర్లు గుచ్చి కలిపే పలక) ఉన్నోళ్లు పట్టుకురండి.