మన పుస్తకాల బృందం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. కార్యదర్శి నివేదిక చదివితే గానీ సర్వసభ్య సమావేశం ముందుకు సాగదన్నారు, అందుకే రాస్తున్నాను.

ఈ ఏడాది ఎక్కువగా చదివింది అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ రాసిన ప్రెషస్ రమోట్స్వే నవలలే. మనం ఉండేది బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో, ఆ కథలు జరిగేదీ ఇక్కడే, మొదటిది వచ్చింది 1998లో, మనలో చాలామంది తెరిచింది మాత్రం ఇప్పుడు! అద్దె లైబ్రరీల డిటెక్టివ్ నవలలతో పెరిగినవాళ్ళం కదా, మొదటి పేజీలో శవం లేకపోతే తోచదు. ఇక్కడేమో నాన్న వదిలివెళ్ళిన పశువులను అమ్మి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన రమోట్స్వే, ఎర్ర రూయిబోస్ ఆకుల టీ తాగుతూ, తప్పిపోయిన మొగుళ్ళ గురించి ఆలోచిస్తుంది. ఆడవాళ్ళను 'మ్మా' అని, మగవాళ్ళను 'ర్రా' అని పిలుచుకుంటుంటే మనకు అమ్మా, అయ్యా అన్నట్టే వినిపిస్తుంది. అందరికీ నచ్చింది మాత్రం ఆవిడ సెక్రటరీ మకుట్సి. పరీక్షలో 97 శాతం తెచ్చుకున్నా ఉద్యోగాలు తక్కువ మార్కుల అందగత్తెలకే పోయాయని ఆమె కుమిలిపోతుంటే మన ఆడవాళ్ళంతా ఆమె వైపే.

చర్చలో గొడవా జరిగింది. రచయిత స్కాట్లండ్ లా ప్రొఫెసర్ కదా, ఊరిని మరీ తీపిగా చూపించాడని ఒకరు, ఎయిడ్స్ పేరెత్తడానికే జంకాడని ఇంకొకరు. నాకూ కొంత అలాగే అనిపించింది. అందుకే ఇక్కడి హైకోర్టులో తొలి మహిళా జడ్జి యూనిటీ డౌ నవల ఒకటి కూడా పెట్టాం, అందులో చిన్నపిల్ల హత్య ఉంది, ఇద్దరు మధ్యలోనే వదిలేశారు.

ఇక మన మొచూడి యాత్ర! రమోట్స్వే పుట్టిన ఊరు, ఇక్కడికి 40 కిలోమీటర్లుంటుంది. గుట్ట మీద పాత బడిలో ఉన్న ఫుతదికోబో మ్యూజియం చూసి, చెట్టు నీడన పులిహోర తిన్నాం. వంట చేసిన అక్కలకు, కార్లిచ్చిన అన్నలకు, ఎండలోనూ పిల్లలను ఓపిగ్గా చూసుకున్న పెద్దమ్మగారికి పేరుపేరునా కృతజ్ఞతలు. వస్తామని చేతులెత్తిన వాలంటీర్లలో తెల్లారి కనిపించింది ఇద్దరే, మంచినీళ్ళ డబ్బాలు నేనే మోశాను. హాలు అనుమతి కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగితే చివరికి 'సారు లంచ్‌కి వెళ్ళారు' అన్నారు.

లెక్కలు కోశాధికారి దగ్గరున్నాయి, చందాల కంటే ఖర్చు కాస్త ఎక్కువైంది, అడిగితే చూపిస్తారు.

మొదటి నవల రెండు కాపీలూ ఎవరి దగ్గరున్నాయో దయచేసి తెచ్చివ్వండి, కొత్త సభ్యులు ఎదురుచూస్తున్నారు.

మీ కార్యదర్శి