అతిథి ప్రసంగాల నిధి: జమా ఖర్చుల వివరణ

చందాదారులకు, తోటి విద్యార్థులకు,

అంతర్జాతీయ వ్యవహారాల స్నాతకోత్తర విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన అతిథి ప్రసంగాల నిధికి ఈ విద్యా సంవత్సరంలో వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు, మిగిలిన నిల్వ ఇవి. చందాలు వేర్వేరు కరెన్సీల్లో వచ్చాయి. మారకపు రేట్ల చిక్కు లేకుండా మొత్తం జమను నూరు పాళ్లుగా తీసుకుని చెబుతున్నాం. తేదీలు, మొత్తాలు, రశీదు నంబర్లతో కూడిన అసలు చిట్టా కోశాధికారి దగ్గర ఉంది.

జమ

పూర్వ విద్యార్థుల చందాలు 41 పాళ్లు, విద్యార్థులు కట్టిన రుసుము 34, విభాగం ఇచ్చిన గ్రాంటు 19, గత ఏడాది నిల్వ 6.

జమలో కనిపించని సొమ్ము ఒకటి ఉంది. ఒక సంస్థ పెద్ద మొత్తమే ఇస్తామని ముందుకు వచ్చింది. వక్తల జాబితా ఖరారు చేసే ముందు తమకు చూపించాలన్నది వారి షరతు. కమిటీ వద్దంది. ఆంక్షల మీద, ఆయుధ వ్యాపారం మీద చర్చ జరిగే వేదికకు డబ్బు ఎవరిచ్చారన్నది వినేవారు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. రాయబార కార్యాలయాల నుంచి నగదు కోరలేదు. తమ అధికారిని తమ ఖర్చుతో పంపిన చోట కాదనలేదు గానీ, అదే అంశం మీద భిన్నంగా మాట్లాడే మరొకరిని కూడా పిలిచాం. ఆ రెండో వ్యక్తి ప్రయాణ ఖర్చు మాత్రం మన పద్దులోనే పడింది.

ఖర్చు

ప్రయాణాలు, బసకు 38 పాళ్లు. అన్నిటికన్నా పెద్ద పద్దు ఇదే. అందరినీ ఆన్‌లైన్‌లోనే మాట్లాడిస్తే ఇందులో చాలా భాగం మిగిలేదని కొందరు అన్నారు. నిజమే, మిగిలేది. అయితే ప్రసంగం ముగిశాక పదిమంది వక్త చుట్టూ కూర్చుని, ఏ పరీక్షలు రాయాలి, క్షేత్రస్థాయి ఉద్యోగంలో మొదటి రెండేళ్లు ఎలా గడుస్తాయి అని అడిగే గంట తెర మీద దొరకదు. వీలున్నప్పుడు, వక్తను పిలిచిన మరో విద్యాసంస్థతో కలిసి టికెట్టు ఖర్చు పంచుకున్నాం.

పారితోషికాలకు 11 పాళ్లే అయ్యాయి. ఇంత తక్కువేమిటన్న ప్రశ్నకు జవాబు బేరం కాదు, నిబంధనలు. 1961 నాటి వియన్నా దౌత్య సంబంధాల ఒప్పందంలోని 42వ అధికరణం ప్రకారం, దౌత్యాధికారి తాను నియమితుడైన దేశంలో స్వలాభం కోసం ఏ వృత్తీ, వ్యాపారమూ చేయకూడదు. ఒక ఉపన్యాసానికి ఇచ్చే చిన్న మొత్తం దాని కిందికి వస్తుందా అని వాదించవచ్చు. ఆ వాదన మన కవరుతో తేల్చుకోవాలన్న సరదా ఏ రాయబారికీ ఉండదు. ఐక్యరాజ్యసమితి సిబ్బంది ప్రభుత్వాల నుంచి పారితోషికం గానీ బహుమతి గానీ తీసుకోకూడదు, ఇతరుల నుంచి తీసుకోవాలన్నా ప్రధాన కార్యదర్శి అనుమతి ఉండాలి. అందుకే జ్ఞాపికల పద్దే పెట్టలేదు. ఖర్చయిన 11 పాళ్లూ విశ్రాంత దౌత్యవేత్తలకు, పరిశోధకులకు, విలేకరులకు, స్వతంత్రంగా పనిచేసే ఎన్నికల పరిశీలకులకు వెళ్లాయి.

ప్రముఖులను ఏజెన్సీల ద్వారా పిలవాలన్న ప్రతిపాదనను కమిటీ అంగీకరించలేదు. మాజీ మంత్రి చెప్పేది చాలావరకు ఆయన ఆత్మకథలోనే దొరుకుతుంది. శరణార్థి శిబిరంలో రేషను జాబితా తయారు చేసిన అధికారి, ఆంక్షల జాబితాతో బ్యాంకు లావాదేవీలను సరిచూసే ఉద్యోగి ఆత్మకథలు రాయరు.

దుబాసీలకు 17 పాళ్లు. ఒక్క ప్రసంగానికి ఇద్దరెందుకని రాతపూర్వకంగా అడిగారు. వక్త మాట్లాడుతుండగానే అనువదించడం మెదడును త్వరగా అలసటకు గురిచేస్తుంది. అందుకే ఈ వృత్తిలో ఇద్దరు ఒకే బూత్‌లో కూర్చుని, సుమారు అరగంటకొకసారి మారుతూ పనిచేస్తారు. ఒక్కరితో కానిస్తే ఖర్చు సగమవుతుంది, ప్రశ్నోత్తరాల వేళకు అనువాదం కూడా సగమే మిగులుతుంది.

మైకులు, రికార్డింగు, ఆన్‌లైన్ ప్రసారానికి 9, హాలు, ముద్రణకు 6, బ్యాంకు బదిలీ రుసుములు, విదేశీ వక్తలకు చెల్లించేటప్పుడు మినహాయించిన పన్నుకు 5 పాళ్లు. వక్త చేతికి అందిన మొత్తం మాత్రమే పారితోషికాల పద్దులో ఉంది, పన్ను ఈ పద్దులో చేరింది. రెండూ కలిపి చూస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది.

పేర్లు లేని వోచర్లు

ఇక ఎక్కువమంది అడిగిన విషయం. చిట్టాలో కొన్ని వోచర్ల మీద వక్త పేరు బదులు 'ఆంతరంగిక సమావేశం' అని మాత్రమే ఉంది. అవి చాథమ్ హౌస్ నియమం కింద జరిగిన సమావేశాలు. లండన్‌లో చాథమ్ హౌస్ అనే భవనంలో ఉన్న రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటర్నేషనల్ అఫైర్స్‌లో 1927లో రూపొంది, 1992లో, 2002లో మెరుగులు దిద్దుకున్న నియమం ఇది. విన్న సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరు చెప్పారో, వారు ఏ సంస్థకు చెందినవారో, సమావేశంలో ఇంకెవరున్నారో మాత్రం బయటపెట్టకూడదు. మాట నిలుపుకోవడమూ, లెక్క చెప్పడమూ రెండూ మా బాధ్యతే కాబట్టి ఇలా చేశాం: మొత్తాలన్నీ బహిరంగంగా ఉంచాం, పేర్లున్న అసలు రశీదులను సీలువేసిన కవరులో ఆడిటరుకు మాత్రమే చూపించాం. ప్రతి పేరూ ఒక నిజమైన ప్రయాణానికి సరిపోయిందని ఆయన సంతకం చేశారు. పేర్లు కూడా చూడాలనేవారు మాకు రాస్తే మా జవాబు కాదనే ఉంటుంది.

అలాగని ప్రతి సమావేశానికీ ఈ ముసుగు అవసరం లేదు. బహిరంగ ప్రసంగంలో చెప్పగలిగే మాటనే చెప్పడానికి కొందరు వక్తలు ఈ నియమం కోరారు. వచ్చే ఏడాది నుంచి అలాంటివారిని కారణం అడగాలని తీర్మానించాం.

నిల్వ

ఖర్చు మొత్తం 86 పాళ్లు, చేతిలో ఉన్నది 14. ఇందులో 8 పాళ్లు, వీసా ఆలస్యమై రాలేకపోయిన వక్త కోసం వచ్చే సెమిస్టరుకు కేటాయించాం. ఆమె టికెట్టు రద్దు రుసుము ఇప్పటికే ప్రయాణాల పద్దులో చేరింది. మిగిలిన 6 పాళ్లు కొత్త కమిటీకి అందజేస్తాం.

చిట్టా చూడదలచిన చందాదారులు తమ రశీదుతో పనివేళల్లో కోశాధికారిని కలవవచ్చు. అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇస్తే సర్వసభ్య సమావేశంలో చదివి, అక్కడే జవాబిస్తాం.

కోశాధికారి, కమిటీ తరఫున