సృష్టికర్తను గూర్చిన సాక్ష్యం: విశ్వాస సమర్థన విభాగం వార్షిక నివేదిక

సహవాస సభ్యులందరికీ ప్రభువు నామమున వందనములు.

చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ మన యువతకు ఎదురవుతున్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేలా సభ్యులను సిద్ధపరచమని గత సర్వసభ్య సమావేశంలో మీరు ఈ విభాగాన్ని ఆదేశించారు. మన నిరీక్షణకు హేతువు అడిగిన ప్రతివానికీ సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పాలన్న 1 పేతురు 3:15ను ఆధారం చేసుకొని ఈ ఏడాది పని సాగింది.

ఆదికాండము మొదటి రెండు అధ్యాయాల పఠనానికే ఎక్కువ కాలం పట్టింది. హెబ్రీలో దినము అని అర్థమిచ్చే ‘యోమ్’ అనే మాట 1:5లో పగటికీ, పూర్తి దినానికీ కూడా వాడబడిందని, 2:4లో సృష్టికాలమంతటికీ అదే మాట వచ్చిందని, గనుక సృష్టి జరిగిన ఆరు దినాలు దీర్ఘకాలాలు కావచ్చునని కొందరు చూపగా, నిర్గమకాండము 20:11 ఆ ఆరు దినాలను మన పనివారంతో జతచేస్తున్నది గనుక అవి మామూలు దినాలేనని మరికొందరు గట్టిగా వాదించారు. భూమి వయస్సు సుమారు 450 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు చెప్పే లెక్కను ఏ విధంగా స్వీకరించాలన్న విషయంలో మనలో ఏకాభిప్రాయం కుదరలేదు. అది కుదిరినట్లు ఈ నివేదికలో రాయడం సరికాదు. అయితే ఆదియందు దేవుడే భూమ్యాకాశములను సృజించెనన్న ఒప్పుకోలులో ఏ ఒక్కరికీ భేదం లేదు.

ఈ ఏడాది చేసిన పనుల్లో అత్యంత విలువైనదిగా మేము భావించేది, మన ప్రసంగాల్లో తరచూ వినబడే కొన్ని కథనాలను పరిశీలించి విడిచిపెట్టడం. 1882లో మరణించిన డార్విన్ చివరి దినాల్లో తన పరిణామ సిద్ధాంతాన్ని విడిచి క్రీస్తును ఆశ్రయించాడన్న కథ 1915లో అచ్చయింది. తండ్రి మరణశయ్య వద్ద ఉన్న ఆయన కుమార్తె హెన్రియెట్టా 1922లో దానిని బహిరంగంగా ఖండించింది. యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిపోయిన దినాన్ని నాసా కంప్యూటర్లు కనుగొన్నాయన్న ప్రచారానికీ ఆధారం లేదు. అబద్ధసాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞ పొరుగువానికి ఎంత వర్తిస్తుందో, మనతో విభేదించి మరణించినవానికీ అంతే వర్తిస్తుందని మా నమ్మకం. వీటిని ఎన్నో ఏళ్లు నమ్మి చెప్పిన పెద్దలు కొందరు తాము పొరబడ్డామని యువకుల ముందు తామే ఒప్పుకోవడం మమ్మల్ని కదిలించింది.

విశ్వానికి ఒక ఆరంభం ఉన్నదన్న సిద్ధాంతాన్ని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమైత్ర్ స్వయంగా కతోలిక గురువు. అయినా తన సిద్ధాంతాన్ని సృష్టికి రుజువుగా వాడడాన్ని ఆయన సమ్మతించలేదు. ఆయన జాగ్రత్త మనకు మాదిరి కావాలని, శాస్త్ర సిద్ధాంతం మారిన ప్రతిసారీ కదిలిపోయే పునాదిపై పిల్లల విశ్వాసాన్ని కట్టరాదని విభాగం అభిప్రాయపడింది.

ఆదాయవ్యయాల పట్టిక కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

వచ్చే ఏడాది జలప్రళయ వృత్తాంతాన్ని, రోమా 1:20ని పఠనానికి తీసుకుంటాము. ఇంట్లో పిల్లలు అడిగి, మీరు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్లుగా రాసి విభాగానికి అందజేయవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాము.