ఫీజు బకాయి ప్రభుత్వానిది, తాకట్టులో ఉన్నవి పిల్లల సర్టిఫికెట్లు

తెలంగాణ ఆర్థిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పేద పిల్లల కాలేజీ ఫీజును ప్రభుత్వమే కట్టే పథకం, ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి రాసేవాళ్లు మామూలుగా విద్యాశాఖకో, సంక్షేమ శాఖలకో రాస్తారు. నేను మీకే రాస్తున్నాను, ఎందుకంటే డబ్బు ఆగుతున్నది ఆ శాఖల దగ్గర కాదు. దరఖాస్తు పరిశీలన అయిపోతుంది, మంజూరు అవుతుంది, బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, టోకెన్ నంబర్ కూడా వస్తుంది. ఆ తర్వాత కదలిక ఉండదు. మా కాలేజీ ఆఫీసులో ఆ టోకెన్ నంబర్లు రాసిపెట్టిన రిజిస్టర్ ఒకటి ఉంది. అందులో పేర్లున్న పిల్లలు చాలామంది కోర్సు ముగించి వెళ్లిపోయారు. వాళ్ల ఫీజు ఇంకా రాలేదు.

నేను చిన్న పట్టణంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా దగ్గరికి వచ్చేది దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు)లో సీటు తెచ్చుకున్న చుట్టుపక్కల పల్లెల పిల్లలు. చాలా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి వాళ్లే. పల్లెల్లో బీసీ కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల కంటే ఎక్కువ ఆదాయం ఉంటే ఈ పథకం వర్తించదు. అంటే ఈ పిల్లల ఇళ్లలో ఫీజు కట్టే స్తోమత లేదని లెక్క తేల్చింది ప్రభుత్వమే. మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ తీసుకుని, స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు పెట్టి, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు చేయించుకుని, 75 శాతం హాజరు తెచ్చుకుని పిల్లలు తమ వంతు పనంతా చేస్తున్నారు. ప్రభుత్వం తన వంతు చేయకపోతే దెబ్బ మాత్రం వాళ్లకే తగులుతోంది.

ఎలాగో చెబుతాను. ఆరో సెమిస్టర్ ఫలితాలు వస్తాయి. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయికి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వస్తుంది. వెళ్లి చేరడానికి గడువు కొద్ది రోజులే. టీసీ, మార్కుల మెమోల కోసం కాలేజీకి వస్తే, "గవర్నమెంటు నుంచి నీ ఫీజు రాలేదమ్మా, ఇప్పుడు కట్టేసి తీసుకుపో, స్కాలర్‌షిప్ పడ్డాక తిరిగిస్తాం" అంటారు. తండ్రి వడ్డీకి తెస్తాడు. అప్పు పుట్టకపోతే సీటు పోతుంది. వచ్చే ఏడాది మళ్లీ రాయొచ్చు కదా అని మనం తేలిగ్గా అనేస్తాం. చాలామంది రాయరు. కొందరికి పెళ్లి చేసేస్తారు, కొందరు బట్టల షాపులో చేరిపోతారు. ఇక వడ్డీకి తెచ్చి కట్టినవాళ్లకు, ప్రభుత్వం డబ్బు విడుదల చేసే నాటికి కాలేజీ చుట్టూ తిరిగే ఓపిక ఉండదు. అడగడం మానేస్తారు. నాకు వీళ్లను తలుచుకుంటేనే ఎక్కువ బాధ, ఎందుకంటే వీళ్ల నష్టం ఏ లెక్కలోనూ కనపడదు.

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. సర్టిఫికెట్లు ఆపడం తప్పే, యాజమాన్యాలను నేను వెనకేసుకు రావడం లేదు. కానీ చిన్న కాలేజీ లోపల ఏం జరుగుతోందో కూడా మీరు తెలుసుకోవాలి. లెక్చరర్లకు నెలల తరబడి జీతం అందదు. కొందరు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటారు, కొందరు మధ్యలోనే మానేస్తారు, ఆ సబ్జెక్టు పిల్లలు సొంతంగా చదువుకుంటారు. కెమిస్ట్రీ ల్యాబులో రసాయనాలు అయిపోతే కొత్తవి రావు. లెక్చరర్ ఒక్కరే టైట్రేషన్ చేసి చూపిస్తే క్లాసంతా చుట్టూ నిలబడి చూసి రికార్డులో రాసుకుంటారు. బ్యూరెట్ చేత్తో పట్టుకోకుండానే బీఎస్సీ పాసవుతున్నారు.

ఈ బకాయిలు ఇవ్వాలంటూ 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు బంద్ చేశాయి. 2025 నవంబరులో ఇంజనీరింగ్, ఇతర వృత్తివిద్యా కాలేజీలు బంద్ చేశాయి. బంద్ చేస్తేనే ఎంతో కొంత విడుదలవుతుందని ఇప్పుడు అందరికీ అర్థమైపోయింది. అలాంటప్పుడు పెద్ద కాలేజీల గొంతే ఎక్కువ వినపడుతుంది. ఇంజనీరింగ్ కాలేజీకి 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లు ఉంటాయి. ఎంట్రన్స్‌లో 10 వేల ర్యాంకు దాటిన బీసీ విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35 వేలు కాబట్టి, మిగతా ఫీజు ఆ కుటుంబమే కడుతుంది. ఆ కాలేజీలకు కష్టాలు లేవని అనను, కానీ వాటికి వేరే దారులున్నాయి. మండల కేంద్రంలోని డిగ్రీ కాలేజీకి ఈ పథకం తప్ప వేరే రాబడి దాదాపు లేదు. అందరి బకాయిలనూ ఒకే మూటగా చూస్తే మొదట మూతపడేది అలాంటి కాలేజీయే. అది పోతే అక్కడి అమ్మాయిలను రోజూ జిల్లా కేంద్రానికి పంపడానికి అన్ని ఇళ్లలోనూ ఒప్పుకోరు.

బకాయిలు మీ హయాంలో మొదలు కాలేదు, ఉమ్మడి రాష్ట్రం నుంచీ ఉన్న సమస్యే అని తెలుసు. దొంగ అడ్మిషన్లు చూపించే కాలేజీలు ఉన్నాయని మీవాళ్లు అంటారు. ఉంటే పట్టుకోండి, ఏటా తనిఖీ చేయండి. బంద్ ప్రకటన వచ్చినప్పుడే తనిఖీలు గుర్తొస్తే అది బెదిరింపు అవుతుంది.

మీ నుంచి కోరేది పెద్ద పథకమేమీ కాదు. ఫీజు ప్రభుత్వం నుంచి రావాల్సి ఉంటే దాని కోసం టీసీ గానీ మెమో గానీ ఆపకూడదని జీవో ఇవ్వండి. ఆ బాకీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్యనే ఉంటుందని అందులో రాయండి. పైసా ఖర్చు లేని పని ఇది, ముందు ఇదే చేయండి. తర్వాత, బకాయి తక్కువగా ఉన్న చిన్న డిగ్రీ కాలేజీలకు మొత్తం ఒకేసారి చెల్లించండి. ఉద్యోగులకు ఒకటో తారీఖున జీతాలు ఇస్తున్నామని మీ ప్రభుత్వం చెబుతోంది, అది మంచి పని. ఫీజుకూ అలాగే సెమిస్టర్‌కొక తేదీ పెట్టండి. ఏ కాలేజీకి ఎంత బాకీ ఉంది, ఏ టోకెన్‌కు డబ్బు పడింది అనేది ఈపాస్‌లో అందరికీ కనపడేలా పెట్టండి. అప్పుడు "మాకు ఇంకా రాలేదు" అని కాలేజీ చెబితే, నిజమో కాదో ఆ తల్లిదండ్రులే ఫోన్‌లో చూసుకుంటారు.

మళ్లీ దోస్త్ నోటిఫికేషన్ వచ్చేలోపు కనీసం ఆ సర్టిఫికెట్ల జీవో అయినా ఇప్పించండి. పోయినసారి పాసైన మా పిల్లల టీసీలు ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు