ఒకే ద్వారం చెక్క గూడు ఇక చేయం

అందరికీ నమస్కారం. పెంపుడు ఎలుకలకు గూళ్లు చేసే మా చిన్న వర్క్‌షాప్‌లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయింది ఒకే గుండ్రటి ద్వారం ఉన్న చెక్క గూడు. దాన్ని ఈ వారంతో ఆపేస్తున్నాం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, దాని డిజైన్‌లో తప్పు ఉంది. ఆ తప్పు నాదే.

మూడు ఎలుకలున్న కస్టమర్ ఒకరు వీడియో పంపారు. పెద్దది ద్వారానికి అడ్డంగా కూర్చుంది. లోపలున్న చిన్నది మూలకి నక్కి కీచుమంటోంది, పారిపోదామంటే దారి లేదు. భయం పోగొట్టాల్సిన చోటే దానికి భయమైంది. ఆ వీడియో చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఒకటికి మించి ఎలుకలున్న చోట ప్రతి గూటికీ కనీసం రెండు దారులుండాలి. ఈ సంగతి నేను మొదటి గూడు చేసే ముందే ఆలోచించాల్సింది.

రెండో తప్పు కొలత. మా పాత ద్వారం వెడల్పు 6 సెంటీమీటర్లు. తల పడితే ఒళ్లంతా పడుతుందని ఎలుకల గురించి అంటుంటారు. బొద్దుగా పెరిగిన మగ ఎలుక విషయంలో ఆ మాట నమ్మకండి, నడుము దగ్గర ఇరుక్కుంటుంది. ఇప్పటినుంచి 8 సెంటీమీటర్ల కంటే తక్కువ చేయం. పాత గూడు మీ దగ్గరుంటే పంపండి, ద్వారం పెద్దది చేసి, ఎదురు గోడకి రెండోది కోసి, అంచులు నున్నగా రుద్ది ఇస్తాం. డబ్బులు తీసుకోం.

చెక్కతో ఇంకో చిక్కుంది. మూత్రాన్ని పీల్చుకుంటుంది, ఎంత కడిగినా వాసన పూర్తిగా పోదు. అందులోంచి వచ్చే అమ్మోనియా ఎలుకల ఊపిరితిత్తులకు చెడ్డది, వాటికి అసలే శ్వాస జబ్బులు ఎక్కువ. అందుకే కొత్త గూళ్లు గట్టి ప్లాస్టిక్‌తో, అడుగు లేకుండా చేస్తున్నాం. ఎత్తి కడిగి, ఆరబెట్టి పెట్టేయొచ్చు. పైన గాలికి కన్నాలున్నాయి. ఎలుక కొరుకుతుంది, దాని ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడం దాని పని. అంచులు పదునెక్కితే, ముక్కలు ఊడుతుంటే ఆ గూడు పారేయండి.

అమ్మేవాణ్ణే అయినా ఇది చెప్పాలి: మామూలు అట్టపెట్టె కూడా చక్కటి గూడే. టేపు, పిన్నులు పీకేసి, రెండు వైపులా కన్నాలు కోస్తే చాలు. తడిసినా చిరిగినా మార్చేయండి. మా గూడు కొనేదాకా మీ ఎలుకలను దాక్కునే చోటు లేకుండా మాత్రం ఉంచకండి. నిద్రకు నిజంగా చీకటి కావాలి, ఎర్ర కళ్ల తెల్ల ఎలుకలకైతే మరీను. వెలుతురు వాటి కళ్లు తట్టుకోలేవు.

బోనులో ఎలుకలు పడుకోడానికి కట్టే ఊయలలకు ఫ్లీస్ అనే మెత్తటి గుడ్డే వాడుతున్నాం. టవల్ గుడ్డ అడగకండి, దాని పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. ఫ్లీస్‌లో కూడా కుట్టు ఊడి దారం వేలాడితే వెంటనే కత్తిరించండి, ఎలుక వేలికి చుట్టుకుంటే రక్తప్రసరణ ఆగిపోతుంది. ముసలి ఎలుకలకు వెనక కాళ్లు బలహీనపడతాయి, వాటికి ఊయల నేలకు దగ్గరగా కట్టండి.

కొత్త గూడు వచ్చిన రోజే పాతది తీసేయకండి. కొన్నాళ్లు రెండూ పక్కపక్కన ఉంచి, పాత గూట్లో అవి పడుకున్న గుడ్డముక్క ఒకటి కొత్తదాంట్లో వేయండి. తమ వాసన ఉంటేనే అది వాటికి ఇల్లు. కడిగేటప్పుడూ అంతే, గూళ్లన్నీ ఒకేరోజు కడిగేయకుండా ఒకటి వదిలిపెట్టండి.